డ్రమ్ము చుట్టు, అల పొడవు

మారికుప్పంలో పొద్దున్నే బయలుదేరే బెంగళూరు రైలు ఛాంపియన్, ఊరుగాం, కోరమండల్ దాటేసరికే కిక్కిరిసిపోతుంది. బంగారు గనులు మూతపడిన నాటినుంచీ కేజీఎఫ్‌లో సగం బతుకు ఆ రైలెక్కే నడుస్తోంది. ఆడవాళ్ళ పెట్టెలో కిటికీ పక్కన చోటు దొరికినవాళ్ళు పూలు కట్టుకుంటారు, దొరకనివాళ్ళు కింద పేపరు పరుచుకుని కూచుంటారు. శశికళ ఎప్పుడూ కిందే. ఒళ్ళో టిఫిన్ సంచీ, సంచీ మీద ఫిజిక్స్ పుస్తకం.

"లాంబ్డా ఎంత?" పై సీటులోంచి మాల అడిగింది. మాల బెంగళూరులో బట్టలు కుట్టే ఫ్యాక్టరీలో పని చేస్తుంది. పుస్తకంలో అక్షరం ముక్క అర్థం కాకపోయినా, స్నేహితురాలి చేత పాఠం అప్పజెప్పించుకోవడం ఆమెకు సరదా.

"టూ పై బై కె."

"లాంబ్డా అంటే?"

"అల పొడవు. ఒక అల మొదలయ్యే చోటు నుంచి ఇంకో అల మొదలయ్యే చోటుకు ఎంత దూరమో, అది."

"కె అంటే?"

"వేవ్ నంబరు."

"అంటే ఏమి?"

"అదే తెలీదు మాలా. నంబరంటారు. దేని నంబరో నాకు బుర్రకెక్కలే."

పక్కన కూచున్న పెద్దావిడ ఎవరో నవ్వింది. "ఇంగ ఈ వయసులో ఎందుకమ్మా నీకీ తంటా?" అంది. అందులో ఎగతాళేమీ లేదు, నిజంగానే అడిగింది. శశికళ కూడా నవ్వేసి పేజీ తిప్పింది.

ఆమెకు అప్పటికి నలభై. వాళ్ళ తాత చిత్తూరు పక్క పల్లె వదిలి బంగారం గనిలో పనికని వచ్చి, ఛాంపియన్ రీఫ్ కూలిలైన్ల ఇళ్ళలో నిలిచిపోయినవాడు. నాన్న మారప్ప అదే గనిలో వైండర్ డ్రైవరు. షాఫ్టు, అంటే గని బావి, పక్కనే ఉండే ఇంజన్ హౌస్‌లో కూచుని, మనిషికి రెండింతలు ఎత్తుండే ఇనప డ్రమ్మును తిప్పేవాడు. ఆ డ్రమ్ముకు చుట్టిన ఉక్కు తాడు కొసన వేలాడే కేజ్‌లో మనుషులు పాతాళానికి దిగేవాళ్ళు, పైకొచ్చేవాళ్ళు. వాళ్ళ ప్రాణాలు ఆయన చేతిలో ఉండేవి. ఆయన చేతికి ఒక్కనాడూ వణుకు రాలేదని లైన్లలో ఇప్పటికీ చెప్పుకుంటారు.

శశికళ పదో తరగతిలో మంచి మార్కులు తెచ్చుకుని కాలేజీలో సైన్సు తీసుకుంది. ఆ ఏడాదే గని మూతపడింది. చదువు మానమని ఇంట్లో ఎవరూ అనలేదు. ఒక సోమవారం ఆ పిల్లే కాలేజీ దోవ వదిలి స్టేషన్ దోవ పట్టింది. అంతే. కొన్నేళ్ళు కుట్టు పని చేసింది. పెళ్ళయింది. ఆ తర్వాత బెంగళూరులో చెవుల పరీక్ష చేసే క్లినిక్‌లో ఆయాగా చేరింది.

ఆ క్లినిక్‌లో చప్పుడు చొరబడని చిన్న గది ఒకటి ఉంటుంది. పరీక్షకొచ్చినవాళ్ళను అందులో కూచోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించి, బయటినుంచి మిషన్‌తో రకరకాల చప్పుళ్ళు వినిపిస్తారు. వినిపిస్తే వేలెత్తాలి. ముసలివాళ్ళు ఆ గది చూడగానే బెదిరిపోతారు. శశికళ వాళ్ళ పక్కన మోకాళ్ళ మీద కూచుని, "ఇందులో తప్పయ్యేదేమీ లేదప్పా. వినపడితే వేలెత్తు, లేకుంటే సుమ్నే, ఊరికే కూచో" అని చెబితే చల్లబడేవాళ్ళు. ఆ పని ఆమెలాగా ఇంకెవరూ చేయలేరని డాక్టరు ఉమాదేవి మేడం తరచూ అనేది.

ఒకసారి శశికళ నాన్ననే తీసుకుపోయింది. మారప్పకు వినికిడి మందగించి చాలా ఏళ్ళయింది. పరీక్ష అయ్యాక మేడం కాగితం మీద గీత చూపించింది. కాగితానికి ఎడమ పక్క, లావు చప్పుళ్ళ దగ్గర బాగానే ఉన్న గీత, కుడి పక్క సన్న చప్పుళ్ళకు పోయేసరికి కొండ అంచు నుంచి జారినట్టు కిందికి పడిపోయింది.

"లావు గొంతులు ఈయనకు బాగానే అందుతున్నాయి శశికళా. సన్న చప్పుళ్ళు పోయినాయి. ఇంజన్ హౌస్ హోరు చేసిన పని ఇది. మీ ఊళ్ళో ఇట్లాంటి చెవులు ఇంకా ఎన్ని ఉండాయో."

శశికళకు తమ లైను గుర్తొచ్చింది. అరుగుల మీద కూచునే ముసలాళ్ళందరూ గట్టిగా అరిచే మాట్లాడుకుంటారు. గనిలో పనిచేసిన మనుషులు కదా, గొంతు పెద్దదే ఉంటుందిలే అని చిన్నప్పటినుంచీ అనుకుంది. గొంతుల సంగతి కాదు, అదంతా చెవుల సంగతి అని ఆ పొద్దు తెలిసింది.

"మేడం, ఈ పరీక్ష నేను చెయ్యకూడదా?" అంది.

ఉమాదేవి నవ్వలేదు. పెన్ను పక్కన పెట్టింది. "చెయ్యొచ్చు. దానికి ఒక డిప్లొమా ఉంది. చేరాలంటే సైన్సుతో ప్లస్ టూ పాసై ఉండాలి. చదువుతావా?"

"చదువుతాను" అనేసింది. ఆలోచన తర్వాత వచ్చింది, మాట ముందొచ్చింది.

ఓపెన్ స్కూల్లో పేరు రాయించుకుంది. మొదటిసారి రాసినప్పుడు మిగతావన్నీ గట్టెక్కినాయి, ఫిజిక్స్ పోయింది. మూడోనాడు రాబర్ట్‌సన్‌పేటలో ఉండే సోమశేఖర్ సారు ఇల్లు వెతుక్కుంటూ పోయింది. ఆయన కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైన మనిషి. ఆదివారాలు ఇంట్లోనే పాఠాలు చెబుతాడు.

శశికళ రెండు పుస్తకాలు తెరిచి ఆయన ముందు పెట్టింది. "సార్, ఈ పుస్తకంలో వేవ్ నంబరంటే వన్ బై లాంబ్డా అని ఉండాది. దీంట్లో టూ పై బై లాంబ్డా అని ఉండాది. పోయినసారి లెక్కలో ఒకటి వెయ్యాల్సిన చోట ఇంకొకటి వేసినాను. ఏది నిజం?"

"రెండూ నిజమేనమ్మా. కొలిచే తీరు వేరు" అన్నాడాయన. "మొదటి పుస్తకంలో, ఒక మీటరు పొడవులో ఎన్ని అలలు పడతాయో లెక్కపెడతారు. రెండోదాంట్లో, ఒక మీటరు పొడవులో అల ఎంత కోణం తిరుగుతుందో లెక్కపెడతారు. ఒక నిండు అలకు ఒక నిండు చుట్టు. చుట్టంటే టూ పై రేడియన్లు. కాబట్టి ముందు యూనిట్ చూడు. మీటరుకు ఇన్ని రేడియన్లు అని ఉంటే, టూ పైని దాంతో భాగించు. అల పొడవు వచ్చేస్తుంది."

"అల తిరగడమేంది సార్? అది పైకీ కిందికీ ఊగుతాది గదా."

సోమశేఖర్ బోర్డు మీద సున్న గీసి, దాని పక్కనే అల గీసి, సున్న మీద చుక్క పెట్టి చూపించాడు. శశికళ తలూపింది గానీ కళ్ళల్లో వెలుగు రాలేదు. ఆయన అది కనిపెట్టాడు. "బోర్డు మీద తెలియదులే. ఇంటికి పోయి, నీకు బాగా తెలిసిన తిరిగే వస్తువు ఏదైనా ముందర పెట్టుకుని ఆలోచించు" అన్నాడు.

ఆ మధ్యాహ్నం ఇంటి అరుగు మీద కూచుని అదే లెక్క మళ్ళీ మళ్ళీ రాస్తోంది. మారప్ప ఎదురుగా కుర్చీలో కూచుని కూతుర్ని చూస్తున్నాడు.

"ఏం లెక్క అది?"

"అలల లెక్క అప్పా."

"పిల్లల లెక్కా?"

"అలలు. అలలు."

"అలలా? ఈ ఊళ్ళో అలలు యాడుండాయి?"

శశికళకు నవ్వూ విసుగూ కలిసి వచ్చాయి. గొంతు పెంచింది. "చప్పుడు కూడా అలేనప్పా. దాని పొడవు కనుక్కోవాల. మీటరుకు ఎంత తిరుగుతాదో చెప్పినారు. ఒక చుట్టుకు పొడవెంతో మనం చెప్పాల."

మిగతాదేదీ ఆయన చెవిన పడినట్టు లేదు గానీ, చుట్టు అన్న మాట మాత్రం నేరుగా పోయి తగిలింది. కుర్చీలో ముందుకు జరిగాడు.

"చుట్టు లెక్కయితే నన్నడుగు. డ్రమ్ము ఒక చుట్టు తిరిగితే తాడు ఇంత దిగుతాదని ఉంటాది. అది మారదు. షాఫ్టులో కేజ్ యాడుండాదో నాకు కనపడేదా ఏమన్నా? నేను చూసేదంతా డ్రమ్మే. అంచు మీద సున్నంతో గుర్తు పెట్టుకునేవాళ్ళం. ఆ గుర్తు పైకి పోతాది, కిందికి వస్తాది, మళ్ళా పైకి పోతాది. తిరుగుడు తెలిస్తే దూరం తెలిసినట్టే."

శశికళ పెన్ను ఆగిపోయింది.

"అప్పా, ఇంగోసారి చెప్పు."

"ఏది?"

"ఆ సున్నం గుర్తు."

"పైకి పోతాది, కిందికి వస్తాది" అని చేత్తో గాలిలో చూపించాడు. ఆ చెయ్యి గుండ్రంగా తిరిగింది. పక్కనుంచి చూస్తున్న శశికళకు అది ఊగినట్టే కనిపించింది.

గబగబా లోపలికి పోయి రాగిపిండి డబ్బా తెచ్చింది. దండెం మీది బట్టలు తీసి మంచం మీద పడేసి తాడు విప్పుకొచ్చింది. పాత కుట్టు పెట్టెలోంచి టేపు తీసింది. డబ్బా చుట్టూ తాడు ఒక్కసారి చుట్టి కొలిచి చూస్తే దగ్గర దగ్గర అర మీటరు వచ్చింది. మిగతా తాడునూ డబ్బాకే చుట్టేసింది.

"దీన్ని అడ్డంగా పట్టుకో అప్పా. నేను లాగుతాను, నువ్వు తిరగనియ్యి."

మారప్ప రెండు అరచేతుల మధ్య డబ్బాను పట్టుకున్నాడు. అప్పుడు ఆ చేతుల్లోకి ఎక్కడిదో పాత పట్టు వచ్చింది. శశికళ చుట్టిన తాడు కొస పట్టుకుని మెల్లగా వెనక్కి నడిచింది. ఒక మీటరు వచ్చేసరికి డబ్బా రెండుసార్లు తిరిగింది.

"మీటరుకు రెండు చుట్లు" అంది, తనలో తానే. "చుట్టుకు టూ పై. అంటే మీటరుకు ఫోర్ పై. అదే కె."

ఇప్పుడు తాడు సంగతి తెలియదనుకుందాం. కె ఒక్కటే చెప్పారనుకుందాం, ఫోర్ పై అని. ఒక చుట్టుకు తాడెంత? టూ పైని ఫోర్ పైతో భాగిస్తే అర. అర మీటరు. టేపు చెప్పిందీ అదే. కె అనేది దేని నంబరో ఇన్నాళ్ళకు తెలిసింది. మీటరు దూరం పోయేసరికి ఎంత తిరుగుతుందో, ఆ తిరుగుడు నంబరు.

"ఇంగ కొంచెం వేగంగా అప్పా. తాడు మళ్ళా చుట్టి, సెకనుకు మీటరు లెక్కన లాగుతాను."

లాగింది. సెకనుకు రెండు చుట్లు. డబ్బా మీద సున్నం గుర్తు ఉంటే, అది సెకనుకు రెండుసార్లు పైకొచ్చి పోతుంది. అదే ఫ్రీక్వెన్సీ. వేగాన్ని కెతో గుణిస్తే సెకనుకు ఎంత తిరిగిందో వస్తుంది, దాన్ని టూ పైతో భాగిస్తే ఎన్ని చుట్లో వస్తుంది. ఫార్ములా అని బట్టీ పట్టిందంతా ఈ నాలుగు అడుగుల అరుగు మీద జరిగిపోయింది. ఆ ఊపులో శశికళ తాడును ఇంకాస్త గట్టిగా లాగింది. డబ్బా మూత ఊడి, రాగిపిండంతా మారప్ప పంచె మీద పడింది.

"కేజ్ తలకిందులు చేసినావు కదమ్మా" అన్నాడాయన పిండి దులుపుకుంటూ. "నా సర్వీసులో ఒక్కసారి కూడా ఇట్ల కాలేదు."

ఎదురింటివాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. శశికళ అరుగు మీద కూలబడి, కళ్ళల్లో నీళ్ళు తిరిగేదాకా నవ్వింది.

మర్నాడు రైల్లో మాల అడగకముందే చెప్పేసింది. మాల అంతా విని, "మా మిషన్‌లో బాబిన్ మాదిరి. దారం పోయేకొద్దీ తిరుగుతా ఉంటాది" అంది. "అదే, అదే" అంది శశికళ. పోయినసారి ఎందుకీ తంటా అన్న పెద్దావిడ కూడా మెడ ముందుకు చాచి వింది.

పరీక్ష రోజు పేపరు చేతికి రాగానే వెనకనుంచి చదవడం మొదలుపెట్టింది. పెద్ద లెక్కలు చివర్లో ఉంటాయి. అక్కడ కనిపించింది. గాలిలో ధ్వని వేగం సెకనుకు మూడువందల నలభై మీటర్లు. కె విలువ మీటరుకు ట్వెంటీ పై రేడియన్లు. తరంగదైర్ఘ్యం ఎంత, పౌనఃపున్యం ఎంత?

పెన్ను కాగితం మీద పెట్టకుండా ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. మీటరుకు ట్వెంటీ పై. చుట్టుకు టూ పై. అంటే మీటరుకు పది చుట్లు. అల పొడవు మీటరులో పదోవంతు, పది సెంటీమీటర్లు. సెకనుకు మూడువందల నలభై మీటర్లు పరుగెత్తే ధ్వనిలో అలాంటి అలలు మూడువేల నాలుగువందలు. మూడువేల నాలుగువందల హెర్ట్జ్.

ఆ అంకె చూడగానే పెదవి మీదికి నవ్వొచ్చింది. క్లినిక్ గ్రాఫులో నాన్న గీత జారిపడేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. లైన్లలోని ముసలాళ్ళ చెవుల్లోంచి జారిపోయింది ఈ పది సెంటీమీటర్ల అలలేనన్నమాట. ఫార్ములా రాసింది, మెట్టు మెట్టుగా లెక్క కట్టింది, యూనిట్లు పెట్టింది, జవాబు కింద రెండు గీతలు గీసింది. ఆ తర్వాత మిగతా పేపరంతా కాలవలో నీళ్ళు పారినట్టు సాగిపోయింది.

ఫలితాలు వచ్చినప్పుడు రైలు బంగారుపేట దాటుతోంది. ఫోనులో సిగ్నల్ వస్తోంది, పోతోంది. మాల ఫోను లాక్కుని కిటికీలోంచి చెయ్యి బయటికి చాచి పట్టుకుంది. పేజీ తెరుచుకున్నాక ఆమెకు ఇంగ్లీషు చదవడం రాక తిరిగి ఇచ్చేసింది.

శశికళ చూసింది. ఇంకోసారి చూసింది.

"చెప్పు మరి" అంది మాల.

"పాసయినాను. ఫిజిక్స్‌లో డెబ్బై దాటినాయి."

మాల తను కడుతున్న పూలదండంతా తెంపి శశికళ తల్లో పెట్టేసింది. అది ఎవరి పెళ్ళికో కట్టిస్తానని ఒప్పుకున్న దండ. పెట్టె అంతా కబురు పాకింది. ఎవరి డబ్బాలోదో మైసూరుపాకు చేతులు మారుతూ వచ్చింది. పెద్దావిడ శశికళ గడ్డం పట్టుకుని, "మా కోడలు పది తప్పి ఇంట్లో కూచుంది. ఆదివారం పంపిస్తాను, ఆ డబ్బా తాడూ దానికీ చూపించు" అంది.

ఆ సాయంత్రం మారప్పకు చెవి దగ్గర చేరి చెప్పాల్సిన పని లేకపోయింది. కూతురు వీధి మలుపు తిరిగిన తీరు చూసే లేచి నిలబడ్డాడు.

డిప్లొమా క్లాసులో ఆమె పక్కన కూచున్నవాళ్ళందరూ ఆమెకు బిడ్డల వయసువాళ్ళు. మొదటివారం అక్కా అన్నారు, రెండోవారానికి పాఠాలు చెప్పించుకున్నారు. చదువు పూర్తయ్యాక ఉమాదేవి మేడం ఆమెను అదే క్లినిక్‌లోకి తీసుకుంది. ఈసారి ఆ చప్పుడు చొరబడని గది బయట, మిషన్ ముందు కుర్చీ ఆమెది. కోలారు జిల్లా పల్లెల్లో క్యాంపులు పెడదామన్నది శశికళ మాటే. మొదటిది ఛాంపియన్ రీఫ్‌లో పెట్టారు. ఆ తర్వాత సుగటూరు, రాయల్పాడు, గౌనిపల్లి.

గౌనిపల్లి క్యాంపుకు మునివెంకటమ్మ అని ఒక అవ్వ వచ్చింది. పట్టుపురుగులు పెంచే ఇల్లు. పిలిస్తే పలకదు, అడిగితే ఇంకేదో చెబుతుంది, అందుకని ఇంట్లోవాళ్ళు ఆమెతో మాట్లాడటమే తగ్గించేశారు. శశికళ పరీక్ష చేసింది. గీత కుడి పక్కకు జారింది. మేడం చూసి చెవి మిషన్ రాసింది. మిషన్ వచ్చాక దాన్ని అమర్చి చూసేందుకు శశికళ ఆ ఇంటికి పోయింది.

అవ్వ పురుగుల కొట్టంలో ఉంది. పెద్ద పురుగులు, ఆఖరిసారి పొర విడిచే జ్వరం దాటి ఆబగా మేస్తున్నాయి. తట్టల నిండా మల్బరీ ఆకు. శశికళ అవ్వను మెట్టు మీద కూచోబెట్టి, మిషన్ చెవికి తగిలించి, శబ్దం మెల్లగా పెంచింది.

అవ్వ తలెత్తి పైకప్పు వైపు చూసింది. తర్వాత గుమ్మం వైపు చూసింది. బయట ఎండ పెళపెళలాడుతోంది.

"వాన వచ్చిందా?"

"వాన కాదవ్వా. పురుగులు మేస్తా ఉండాయి."

అవ్వ లేచి తట్ట దగ్గరికి పోయి వంగింది. కొట్టం అంతా ఆ సన్న చిటపట నిండి ఉంది. బెత్తెడు పొడవు కూడా లేని అలలు. ఒక్కొక్కటీ అవ్వ చెవిలోకి చేరుతోంది.

"ఇన్నేండ్లూ కంటితో చూసి ఆకు వేసినాను" అంది మునివెంకటమ్మ. ఇంకో తట్ట దగ్గరికి పోయి చెవి పెట్టి వింది. మొహం విప్పారింది. "ఇవి మొదటివాటికన్నా గట్టిగా తింటా ఉండాయి. ఆకలి మీద ఉండాయి. ఆ గంప ఇట్ల అందుకో తల్లీ."

శశికళ చేతిలోని చెవి మిషన్ పెట్టె పక్కన పెట్టి, చీరకొంగు నడుముకు దోపుకుని, ఆకు గంప ఎత్తింది.